అత్తగారి గొంతు మీద చెయ్యి

అత్తగారి గొంతు మీద చెయ్యి వేసే అవకాశం ఎంతమంది కోడళ్ళకి వస్తుంది చెప్పండి? అదీ పట్టపగలు, ఆస్పత్రిలో, కట్టుకున్నవాడు గుమ్మంలో నిలబడి చూస్తుండగా? నాకొచ్చింది. పైగా ఆ పనికి నాకు జీతం కూడా ఇస్తారు.

నేను స్కానింగ్ డాక్టర్ని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా చీకటి గదిలో కూర్చుని, జనం కడుపుల మీదా మెడల మీదా చల్లటి జెల్లీ పూసి, ప్రోబు అనే చేతి పరికరం ఆనించి, తెర మీద బొమ్మ చూసి రిపోర్టు రాస్తాను. మా అత్తగారి దృష్టిలో మాత్రం నేను డాక్టర్నే కాదు. మందు రాయదు, సూది వెయ్యదు, ఇదేం డాక్టరు? అందుకని నాకు "ఫొటో డాక్టరు" అని పేరు పెట్టారు. చుట్టాలకి పరిచయం చేసేటప్పుడు కూడా అంతే. "మా కోడలు. ఫొటోలు తీస్తుంది. పెళ్ళిళ్ళవి కాదులెండి, లివర్లవి."

ఆవిడేమైనా తక్కువా? డ్రిల్లు టీచరుగా చేసి రిటైరయ్యారు. మైకు లేకుండా, విజిలు లేకుండా, ఉత్త నోటితో బడి మొత్తాన్నీ వరసల్లో నిలబెట్టిన మనిషి. రిటైరయ్యాక ఆ బడి మా ఇల్లయింది. మేడ మీద నుంచి ఆవిడ "స్టవ్ ఆపావా లేదా?" అని ఒక్క కేక వేస్తే, పక్కింటావిడ పరిగెత్తుకెళ్ళి తన స్టవ్ ఆపేస్తుంది. ఇక మా ఆయన సంగతి చెప్పనే అక్కర్లేదు. అమ్మ ఒకటంటే, పెళ్ళాం ఒకటంటే, "రెండూ కరెక్టే" అని చెప్పి పేపరు వెనక్కి వెళ్ళిపోతారు. ఆ పేపరు నిన్నటిదైనా సరే.

ఆరేళ్ళ కింద అత్తగారికి థైరాయిడ్‌లో గడ్డ వస్తే ఎడమవైపు సగం కోసి తీసేశారు. తర్వాత కొన్నాళ్ళు ఆవిడ గొంతు బొంగురుపోయింది. గుసగుసగా తప్ప మాట వచ్చేది కాదు. ఆ రోజుల్లోనే మా హాల్లో గడియారం టిక్కుటిక్కుమంటుందని నాకు మొదటిసారి తెలిసింది. అది కొని అప్పటికి చాలా ఏళ్ళయింది. ఆ తర్వాత గొంతు తిరిగొచ్చింది, మునుపటికంటే పెద్దగా. చుట్టాలు ఫోన్లు చేసి మరీ సంతోషించారు. నేను కూడా సంతోషించాననే చెప్పాలి కాబట్టి చెప్తున్నాను.

ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి ఆవిడకి ఇంకో కొత్త అలవాటు కూడా వచ్చింది. భోజనాల బల్ల దగ్గర ఆవిడ మధ్యలో కూర్చుంటారు. ఆవిడకి కుడిపక్క నేను, ఎడమపక్క మా ఆయన. అన్నం తినేటప్పుడు బాగానే ఉంటారు. మంచినీళ్ళ గ్లాసు ఎత్తేసరికి మాత్రం టక్కున ముఖం ఎడమవైపుకి, అంటే కొడుకు వైపుకి, తిప్పేసుకుంటారు. గుటక వేసి, గ్లాసు కింద పెట్టాకే మళ్ళీ నా వైపు చూడ్డం. కాఫీ తాగినా అంతే. నా మొహం చూస్తే ఆవిడకి మంచినీళ్ళు కూడా దిగవన్నమాట! ఒకరోజు ఉండబట్టలేక మా ఆయనతో అన్నాను. "అటు తిరిగి తాగినా ఇటు తిరిగి తాగినా నీళ్ళేగా" అన్నారు ఆ మహానుభావుడు. నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా అడగలేదు. అడిగితే ఆవిడ చెప్పే జవాబు పక్కవీధి దాకా వినపడుతుంది.

ఇప్పుడు కుడివైపు కూడా గడ్డ వచ్చింది. సూదితో దాంట్లోంచి కాస్త తీసి పరీక్ష చేయిస్తే ప్రమాదం లేనిదే అని వచ్చింది కానీ, కొంచెం కొంచెంగా పెరుగుతోంది. మా ఆస్పత్రిలో కొత్తగా చేరిన సర్జను చూసి, "తీసేద్దాం, పీడా విరగడవుతుంది. అయిదు నిమిషాల పని" అన్నాడు. ఆయనకి ఏదైనా అయిదు నిమిషాల పనే. అందుకే మేమంతా ఆయన్ని చాటుగా "అయిదు నిమిషాలాయన" అంటాం. ఆ అయిదు నిమిషాలు పూర్తయ్యేసరికి పేషంటు చుట్టాలకి గడ్డాలు పెరిగిపోతాయి. గురువారం ఆపరేషన్ అని ఖాయం చేసేశాడు.

నా భయం ఆపరేషన్ గురించి కాదు. గొంతులో స్వరపేటిక ఉంటుంది కదా, దాని లోపల రెండు సన్నటి మడతలుంటాయి. తలుపుకి రెండు రెక్కలుంటాయే, అలా. ఊపిరి తీసినప్పుడు తెరుచుకుంటాయి, మాట్లాడినప్పుడు దగ్గరికొచ్చి మూసుకుంటాయి. ఒక్కో రెక్కని ఆడించే నరం థైరాయిడ్ వెనకనుంచే వెళ్తుంది. ఎడమ థైరాయిడ్ తీసినప్పుడు ఆ పక్క నరానికి దెబ్బ తగిలి, ఎడమ రెక్క కదలకుండా పోయిందనుకోండి. కుడిది ఎలాగో బండి లాగిస్తుంది. ఇప్పుడు కుడివైపు కోస్తే ఆ నరం కూడా పోయిందనుకోండి. రెండు రెక్కలూ మధ్యలో బిగుసుకుపోతాయి. ఇక మాట సంగతి దేవుడెరుగు, ఊపిరే ఆడదు. మెడకి చిల్లుపెట్టి గొట్టం వెయ్యాలి. అందుకే రెండోవైపు కత్తి పెట్టేముందు మొదటివైపు రెక్క కదులుతోందో లేదో కళ్ళారా చూడాలి. ఇది నేను కనిపెట్టింది కాదు, అందరికీ తెలిసిందే. అయిదు నిమిషాలాయనకి తప్ప.

అత్తగారిని వెంటబెట్టుకుని వెళ్ళి, రెక్కలు చూశారా అని అడిగాను. ఆయన పరీక్ష చేసే పద్ధతి వేరు. పేషంటుని ఎదురుగా కూర్చోబెట్టి, "ఏదీ, ఏదైనా మాట్లాడండి" అంటాడు. గొంతు బాగుంటే లోపల కూడా బాగున్నట్టే. మా అత్తగారిని అలాగే అడిగాడు.

"ఏం మాట్లాడమంటావు నాయనా? నీ బల్ల మీద ఈ దుమ్ము ఎవరు తుడుస్తారో చెప్పు, అప్పుడు మాట్లాడతాను" అన్నారు ఆవిడ. వరండా చివర కునుకు తీస్తున్న సెక్యూరిటీ ఆయన లేచి నిలబడి సెల్యూట్ కొట్టాడట.

"విన్నారుగా మేడమ్, ఈ గొంతుకి పరీక్షా!" అని ఆయన నా వైపు జాలిగా చూశాడు.

ముక్కులోంచి సన్నటి గొట్టం లోపలికి పంపి రెక్కల్ని చూసే పద్ధతి ఒకటుంది. మా ఆస్పత్రిలో ముక్కు, చెవి, గొంతు చూసే డాక్టరమ్మ ఒకసారి ప్రయత్నం చేసింది కూడా. పాపం, నెమ్మదైన మనిషి. గొట్టం అలా ముక్కులో దూరిందో లేదో డ్రిల్లు టీచరు చెయ్యి లేచింది. డాక్టరమ్మ కళ్ళజోడు బీరువా కింద దొరికింది. ఆ తర్వాత ఆవిడ మా అత్తగారి పేరు వింటే లిఫ్టు వదిలేసి మెట్లెక్కుతోంది.

ఇక మిగిలింది నా ప్రోబు. గొట్టం లేదు, గుచ్చేది లేదు. మెడ మీద జెల్లీ రాసి, ప్రోబు అడ్డంగా ఆనిస్తే చాలు, రెక్కలు ఆడుతుంటే తెర మీద కనపడతాయి. మగవాళ్ళకి వయసు మీదపడ్డాక గొంతు ముందున్న మృదులాస్థి గట్టిపడిపోయి లోపల ఏమీ కనపడి చావదు. ఆడవాళ్ళకి చాలామందికి పెద్దయ్యాక కూడా మెత్తగానే ఉంటుంది. మా అత్తగారి దగ్గర మెత్తనిది ఏదో ఒకటి ఉందని ఆశపడ్డం తప్పేం కాదు కదా.

ఆ రాత్రి భోజనాల దగ్గర విషయం కదిపాను. "అత్తయ్యా, రేపొకసారి నా గదికి రండి. మెడ మీద ప్రోబు పెట్టి చూస్తాను."

ఆవిడ ముద్ద కలపడం ఆపేశారు. "నా గొంతు మీద నువ్వు చెయ్యి వేస్తావా?"

"చెయ్యి కాదత్తయ్యా, ప్రోబు."

"దేంతో నొక్కితే ఏంటి? ఇన్నాళ్ళు కాచుక్కూర్చున్నావన్నమాట." తర్వాత కొడుకు వైపు తిరిగారు. "ఏరా, నువ్వేమంటావు?"

"రెండూ కరెక్టే" అన్నారు మా ఆయన.

చివరికి షరతుల మీద ఒప్పుకున్నారు. తలుపు తెరిచి ఉంచాలి. కొడుకు గుమ్మంలో సాక్షిగా నిలబడాలి. నేను గట్టిగా నొక్కితే అతను చూస్తూ ఊరుకోకూడదు. మా ఆయన ఇవన్నీ బుద్ధిగా విని తలూపారు. ఆయన జీవితంలో అంత పెద్ద బాధ్యత ఎవరూ అప్పగించలేదు.

మర్నాడు వచ్చారు. ఆయన గుమ్మంలో అమ్మ హ్యాండ్‌బ్యాగు పట్టుకుని నిలబడ్డారు. వరండాలో వెయిటింగులో ఉన్నవాళ్ళందరూ ఆయన్ని, లోపల నన్ను మార్చి మార్చి చూస్తున్నారు. అత్తగారిని పడుకోబెట్టి, భుజాల కింద దిండు పెట్టి, మెడ వెనక్కి వాల్చాను. జెల్లీ రాయగానే, "చల్లగా ఉందేంటే, ఐసు రాస్తున్నావా?" అన్నారు. ఆ ఒక్క మాటకి తెర మీద బొమ్మంతా వరదొచ్చినట్టు ఊగిపోయింది.

"మాట్లాడకండి అత్తయ్యా."

"నేనెక్కడ మాట్లాడాను?"

"ఇప్పుడు మాట్లాడింది ఎవరు?"

"నువ్వు అడిగితే జవాబు చెప్పొద్దా?"

ఇలా కొంతసేపు నడిచింది. ఆఖరికి నోరు మూశారు. "ఊపిరి మెల్లిగా పీల్చండి. వదలండి" అన్నాను. ఆవిడ కళ్ళు తెరిచారు. "కమాండ్ అలాగేనా ఇచ్చేది? పిల్లల్ని పడుకోబెడుతున్నావా? పీల్... చు! వద... లు! అనాలి. గొంతులో పస ఉండాలి." సరేనని నేను కూడా గట్టిగా అరిచాను, "పీల్... చు!" అని. వెంటనే అత్తగారు పీల్చారు. గుమ్మంలో మా ఆయన పీల్చారు. వరండాలో వెయిటింగులో ఉన్నవాళ్ళు కూడా పీల్చారనుకుంటాను.

బొమ్మ కుదురుకుంది. నల్లటి త్రికోణం, దానికి రెండువైపులా రెండు రెక్కలు. కుడిది తెరుచుకుంది, మూసుకుంది. ఎడమది కదల్లేదు.

ప్రోబు సరిగా పెట్టలేదేమో అనుకున్నాను. కోణం మార్చాను. జెల్లీ మళ్ళీ రాశాను. "పీల్... చు!" కుడిది వెళ్ళింది, వచ్చింది. ఎడమది అలాగే, చెక్కకి మేకు కొట్టినట్టు ఉంది. "ఇప్పుడు ఈ... అనండి" అన్నాను. ఆవిడ "ఈ..." అని సాగదీశారు, అద్దాలు అదిరేలా. అప్పుడు చూశాను ఆ వింత. కుడి రెక్క మధ్యగీత దాకా వచ్చి ఆగలేదు. గీత దాటి, అవతలికి వెళ్ళి, కదలని ఎడమ రెక్కని వెతుక్కుంటూ పోయి తాకుతోంది. ఆ గొంతంతా, ఆ కేకలన్నీ, పక్కింటి స్టవ్ ఆర్పించిన ఆ అరుపులన్నీ దాని ఒక్కదాని పనే.

నిజం చెప్తున్నాను, నాకు చాలా భయమేసింది. గురువారం ఆ అయిదు నిమిషాలాయన చెయ్యి ఒక్క పిసరు జారితే ఆవిడ ఊపిరి పోయేది. ఆవిడంటే నాకు ప్రేమ కారిపోతోందని చెప్పను. కానీ మెడకి చిల్లుతో, మాట లేకుండా ఆవిడ భోజనాల బల్ల దగ్గర కూర్చుంటే నేను చూడలేను. ఆ ఆలోచనకే నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. గది చీకటి కాబట్టి పరువు దక్కింది.

"ఏంటే, మొహం అలా పెట్టావు? ఫొటో సరిగా రాలేదా?" అన్నారు.

"వచ్చిందత్తయ్యా" అని, ఉన్నదున్నట్టు చెప్పాను. ఎడమది ఆరేళ్ళ కిందటి ఆపరేషన్లోనే పోయిందని, కుడిదానికి ఏమైనా అయితే ఊపిరి ఆడదని. ఆవిడ ఈసారి నిజంగానే మాట్లాడలేదు. నేనేమీ చెప్పకుండానే నోరు మూసుకోవడం అదే మొదటిసారి. కాసేపటికి, "అంటే ఇన్నాళ్ళూ ఒక్కదాంతోనే లాక్కొస్తున్నానా?" అన్నారు మెల్లిగా.

అంటే ఇన్నాళ్ళూ నేను పడింది సగమేనన్నమాట. పైకి అనలేదులెండి.

ఆ స్కాన్ వీడియో నా ఫోన్లోకి ఎక్కించుకుని ముగ్గురం అయిదు నిమిషాలాయన గదికి వెళ్ళాం. ఆయన ఫోన్లో చూశాడు, సగం చూసి పక్కన పెట్టేశాడు. "మేడమ్, అల్ట్రాసౌండ్‌లో స్వరతంత్రులు చూడ్డమేంటండీ? గాలి, నీడ, అన్నీ కలిసి ఏవేవో కనపడతాయి. పైగా అత్తగారి మెడాయె. మీ చెయ్యి వణికుంటుంది." అని నవ్వాడు. "ఆవిడ గొంతు విన్నాం కదా. పక్షవాతం వచ్చిన గొంతు అలా ఉంటుందా? గురువారం కానిచ్చేద్దాం. కంగారు పడకండమ్మా, మంచినీళ్ళు తాగండి."

బల్ల మీది గ్లాసు ఆవిడ వైపు జరిపాడు. నేను ఏం చెప్పి ఒప్పించాలా అని తల బద్దలుకొట్టుకుంటున్నాను. ఆవిడ గ్లాసెత్తారు. ఎత్తి, టక్కున ముఖం ఎడమవైపు తిప్పారు.

ఆ రోజు ఎడమపక్క కుర్చీలో ఉన్నది నేను.

ఆవిడ ముఖం పూర్తిగా నా ముందుకొచ్చింది. నా కళ్ళల్లోకి సూటిగా చూస్తూ ఒక గుటక వేశారు, జాగ్రత్తగా. ఇంకో గుటక వేశారు. మొహం తిప్పుకోవడం కాదు, నన్ను తప్పించుకోవడం అసలే కాదు. ఎడమ రెక్క పడిపోతే మెడ అటు తిప్పి మింగితే ఆ పక్క దారి మూసుకుంటుంది, నీళ్ళు ఊపిరి గొట్టంలోకి పోవు. అలా మింగమని మేమే పేషంట్లకి నేర్పిస్తాం. ఈవిడకి ఎవరూ నేర్పలేదు.

"అత్తయ్యా, నీళ్ళు తాగేటప్పుడు అటెందుకు తిరుగుతారు?" అని అడిగాను. ఆరేళ్ళ నుంచి నాలిక చివర ఉన్న ప్రశ్న.

"తిన్నగా తాగితే పొలమారుతుంది. అప్పట్నుంచీ అంతే. మొదట్లో ఎవరో తలుచుకుంటున్నారనుకున్నాను" అన్నారు. "రోజూ మూడుపూటలా నన్ను తలుచుకునేవాళ్ళు ఎవరున్నారే? అందుకని ఇటు తిరిగి తాగడం అలవాటు చేసుకున్నాను."

"మాకు చెప్పొచ్చు కదమ్మా!" అన్నారు మా ఆయన.

"ఏమని చెప్పను? బడంతటికీ డ్రిల్లు నేర్పినదానికి మంచినీళ్ళు తాగడం రావట్లేదని చెప్పనా? నవ్వరూ?"

అయిదు నిమిషాలాయన నవ్వడం లేదు. ఫోన్ మళ్ళీ చేతిలోకి తీసుకుని వీడియో మొదట్నుంచి చూస్తున్నాడు. చూసి కూడా, "అయినా... ఒక్క స్కానింగ్ మీద..." అని నసిగాడు.

అప్పుడు మా అత్తగారు లేచి నిలబడ్డారు. "ఇదిగో అబ్బాయ్, వణికిందన్నావే, ఆ చెయ్యి సంగతి నాకు తెలుసు. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచీ రోజూ పొద్దున్నే నా ముందు కాఫీ పెడుతుంది. లేటు పెడుతుంది, చక్కెర తక్కువేస్తుంది, మొహం ముడుచుకుని పెడుతుంది. కానీ ఒక్కనాడూ ఒక్క చుక్క కూడా సాసర్లో ఒలకలేదు. మా ఫొటో డాక్టరు చెయ్యి వణకదు. నమ్మకం లేకపోతే ఆ గొట్టం పట్టుకురమ్మను, ఆ కళ్ళజోడు డాక్టరమ్మని. చూసుకో."

నేను నేల వైపు చూస్తూ కూర్చున్నాను. పొగడ్తో తిట్టో తేల్చుకోలేక ముక్కు ఎగబీల్చాను. మా ఆయన వెంటనే ఆ హ్యాండ్‌బ్యాగులోంచి కర్చీఫు తీసి ఇచ్చారు. పెళ్ళయ్యాక ఆయన సమయానికి చేసిన పని అదొక్కటే.

డాక్టరమ్మ ముందుగా కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని మరీ వచ్చింది. ముక్కులో గొట్టం వెళ్తున్నంతసేపూ అత్తగారు నా మణికట్టు పట్టుకున్నారు. డ్రిల్లు టీచరు పట్టు, మచ్చ రెండురోజులు పోలేదు. చెయ్యి మాత్రం లేవలేదు. గొట్టం చివర కెమెరాలో అదే కనపడింది. ఎడమది రాయిలా పడి ఉంది, కుడిది గీత దాటి వచ్చి పని చేస్తోంది.

"ఆపరేషన్ ఇప్పుడొద్దులెండి" అన్నాడు అయిదు నిమిషాలాయన. మనిషి బాగా తగ్గాడు. గడ్డ ప్రమాదం లేనిదే కాబట్టి ఆరు నెలలకోసారి స్కాన్ చేసి చూస్తుండాలి, మరీ పెరిగితే ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ నరాన్ని కనిపెట్టుకుని ఉండే మెషీన్ ఉన్న పెద్దాస్పత్రికి పంపాలి అని రాసిచ్చాడు. అది రాయడానికి ఆయనకి నిజంగానే అయిదు నిమిషాలు పట్టింది.

"స్కాన్ ఎవరు తీస్తారట?" అన్నారు అత్తగారు కారెక్కుతూ.

"నేనే."

"ఖర్మ" అన్నారు.

ఆ రాత్రి భోజనాలకి కంచాలు పెడుతూ, నా కంచం తీసి మా ఆయన చోట పెట్టాను, ఆయనది నా చోట. ఆయన వచ్చి తన కుర్చీ ముందు నిలబడి అయోమయంగా చూశారు. "అటు కూర్చోండి" అన్నాను. ఎందుకు అని అడగలేదు, రెండూ కుర్చీలేగా.

అత్తగారు వచ్చి మధ్యలో కూర్చున్నారు. కుడివైపు కొడుకుని చూశారు, ఎడమవైపు నన్ను చూశారు. కూర బాలేదన్నారు, అన్నం మెత్తబడిందన్నారు, పక్కింటావిడ లైటు ఆర్పకుండా పడుకుంటుందన్నారు. తర్వాత గ్లాసెత్తి, ముఖం ఎడమకి తిప్పారు. నేను అక్కడే ఉన్నాను. ఒక గుటక వేశారు, నన్ను చూస్తూ.

"ఇక మంచినీళ్ళు కూడా నీ మొహం చూస్తూనే తాగాలన్నమాట" అన్నారు గ్లాసు దించి.

"తాగండి, పొలమారదు. నేనిక్కడే ఉన్నాను" అన్నాను.

ఆవిడ మళ్ళీ గ్లాసెత్తి, ఇటే తిరిగి, మిగిలినవి మెల్లిగా తాగేశారు.